చుట్టుకుపోయే రసీదులు, చెరిగిపోయే అక్షరాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి నాకంటే బాగా తెలిసిన మిత్రులు ఇప్పటికే మాట్లాడారు. నాకు ఇరవై నిమిషాలు కేటాయించి, “మీరు రికార్డు సెక్షనులో చాలాకాలం పనిచేశారు గదా, కాగితాలు భద్రపరచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పండి” అని కార్యదర్శి గారు ఆదేశించారు. 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో యాభై ఎనిమిదేళ్లు నిండి పదవీ విరమణ చేసేవరకు నా చేతుల మీదుగా నడిచింది కాగితమే. అందుచేత ఈ ఆదేశం నాకు సంతోషాన్నే కలిగించింది. అయితే అన్ని కాగితాల గురించీ చెప్పడానికి వ్యవధి చాలదు. మన ఇళ్లలోకి ఇటీవలి కాలంలో చేరి, మన చేతిలోనే చుట్టుకుపోయి, చూస్తూండగానే తెల్లబోయే ఒక్క కాగితం గురించి మాత్రం మనవి చేస్తాను. అదే థర్మల్ కాగితం. వేడి తగిలితే అక్షరం పుట్టే కాగితం.

డిసెంబరు 17 ఎందుకు మన పండుగ అయిందో మీకందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ పెన్షను దయాధర్మం కాదనీ, అది ఉద్యోగి హక్కనీ తేల్చింది. హక్కు ఉన్నమాట నిజమే. కాని ఆ హక్కును ట్రెజరీలో గాని, ఆఫీసులో గాని నిలబెట్టేది మన చేతిలోని కాగితం. బిల్లు మీద అక్షరం కనబడకపోతే ఎంత న్యాయమైన క్లెయిమైనా ముందుకు సాగదు. సీటులో కూర్చున్న గుమాస్తా దుర్మార్గుడు కానక్కరలేదు. కనబడని అంకెను పాసు చేసే అధికారం అతనికి లేదు, అంతే. ఆ సీటులో ముప్పై ఆరేళ్లు కూర్చున్నవాణ్ణి గనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

ఇంతకీ ఏది థర్మల్ కాగితం, ఏది మామూలు కాగితం అని గుర్తుపట్టడం ఎలా? చాలా సులువు. కాగితం నున్నగా ఉన్న వైపున, అక్షరాలు లేని ఒక మూల, గోరుతో గట్టిగా ఒక గీత గీయండి. ఆ రాపిడి వేడికి నల్లటి గీత పడితే అది థర్మల్ కాగితం. గీత పడకపోతే మామూలు కాగితం. ఇవాళ మందుల షాపు బిల్లు, ఏ.టి.యం. స్లిప్పు, కార్డు గీకినప్పుడు వచ్చే రసీదు, సూపర్ బజారు బిల్లు, బస్సులో కండక్టరు యంత్రం నుంచి చింపి ఇచ్చే టికెట్టు, వీటిలో ఎక్కువ భాగం ఈ జాతివే. అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటుంది. డాక్టరు గారు గుండె పరీక్ష చేసి ఇచ్చే ఇ.సి.జి. పట్టీ కూడా చాలా చోట్ల థర్మల్ కాగితమే.

ఇందులో సిరా ఉండదు, రిబ్బను ఉండదు. కాగితం మీద ముందుగానే ఒక పూత పూసి ఉంచుతారు. ఆ పూతలో రంగులేని ఒక రంగుపదార్థమూ, దాన్ని రంగు తేల్చే ఆమ్లగుణం గల మరో పదార్థమూ పక్కపక్కనే ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపూ ఇరుగుపొరుగు వారిలా ఎవరి గుమ్మంలో వారుంటారు. యంత్రం తలలో మిల్లీమీటరుకు సుమారు 8 చొప్పున సన్నని చుక్కలు బారుగా ఉంటాయి. అవి క్షణంలో వెయ్యోవంతు లెక్కన వేడెక్కి చల్లారుతుంటాయి. వేడి తగిలిన చోట ఆ రెండు పదార్థాలూ కరిగి కలిసి నల్లబడతాయి. మనకు అక్షరం కనబడుతుంది. ఆ కలయిక శాశ్వతం కాదు. ఎండ, వెలుతురు, తేమ, నూనె, స్పిరిటు, కొన్ని రకాల ప్లాస్టిక్కు, వీటిలో ఏది తగిలినా మెల్లగా విడిపోతుంది. అప్పుడు అక్షరం మాయమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది ఎందుకు చుట్టుకుపోతుంది? చుట్టుకుపోతే పోయింది, మనకేం నష్టం అని కొందరనుకోవచ్చు. నష్టం ఉంది. చుట్టుకుపోయిన కాగితాన్ని ఎవరూ ఊరికే ఉండనివ్వరు. రుద్దుతారు, మడుస్తారు, గుండుసూదులు గుచ్చుతారు, బంక రాసి అంటిస్తారు, ప్లాస్టిక్కు కవరులో బిగిస్తారు, ఇస్త్రీ కూడా చేస్తారు. చుట్ట విప్పబోయి అక్షరం పోగొట్టుకుంటారు. కనుక చుట్ట ఎందుకు పడుతుందో తెలుసుకుంటే అక్షరాన్నీ కాపాడుకున్నవాళ్లమవుతాం.

ఇది మన ఆడవారికి నేను చెప్పవలసిన పని లేదు. డాబా మీద అప్పడాలు ఆరబెట్టినప్పుడు ఏం జరుగుతుంది? పైవైపు ఎండకు ముందుగా ఆరి బిగుసుకుంటుంది. కిందివైపు ఇంకా తడిగానే ఉంటుంది. బిగుసుకున్న వైపు పొట్టిదవుతుంది గనుక అంచులు పైకి లేస్తాయి. అందుకనే పూర్తిగా ఎండకముందే తిరగేసి, ఆరిన తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బరువు పెడతారు. కాగితం కూడా అంతే. అది మొక్కల పీచుతో చేసినది. పీచు తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. రెండు వైపులా ఒకేలా ఉబ్బితే చదునుగా ఉంటుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ అయితే వంకర తిరుగుతుంది. ఆరిన వైపుకే వంగుతుంది.

మామూలు తెల్ల కాగితానికి రెండు వైపులూ దాదాపు ఒకటే. థర్మల్ కాగితానికి అలా కాదు. అక్షరం పడే వైపున పూత ఉంటుంది, వెనుక వైపున ఉత్త పీచు ఉంటుంది. తేమ వెనుక నుంచి తొందరగా లోపలికి పోతుంది, తొందరగా బయటికి వస్తుంది. పూత ఉన్న వైపు నెమ్మది. ఈ తేడాయే వంకరకు మూలం. మంచి కంపెనీలు ఈ సంగతి తెలిసే వెనుక వైపున కూడా పలచగా ఒక పూత వేస్తాయి. పూత ఆరబెట్టడానికి వేడిగాలి పెట్టినప్పుడు కాగితంలోని తేమ పోతుంది గనుక, మళ్లీ వెనుక నుంచి కొలత ప్రకారం తేమ పట్టించి రెండు వైపులనూ సమం చేస్తాయి. చౌకరకం చుట్టల్లో ఈ శ్రద్ధ తక్కువ.

వంకరల్లో రెండు రకాలున్నాయి. ఇది గమనిస్తే చికిత్స తేలిక. మొదటిది చుట్ట వంకర. రసీదు పైనుంచి కిందికి, చాప చుట్టినట్లు చుట్టుకుపోతుంది. ఇది తేమ వల్ల వచ్చినది కాదు. నెలల తరబడి సన్నని గొట్టం మీద బిగించి చుట్టి ఉన్నందువల్ల కాగితానికి అలవాటైపోయిన వంపు. చుట్ట మొదట్లో వచ్చే రసీదులు కాస్త చదునుగా ఉంటాయి. చుట్ట అయిపోవచ్చే ముందు, గొట్టానికి దగ్గరగా ఉన్న కాగితం నుంచి వచ్చినవి గట్టిగా మెలి తిరుగుతాయి. రెండోది తేమ వంకర. ఇందులో రసీదు పొడవునా రెండు పక్క అంచులూ లేచి తాటిదోనెలా అవుతుంది. పీచు తేమకు పొడవున పెరిగేది నామమాత్రం, అడ్డంగా పెరిగేది దానికి ఎన్నో రెట్లు. కాగితం తయారయ్యేటప్పుడు పీచులో ఎక్కువ భాగం చుట్ట పొడవు వెంబడి పడుకుంటుంది గనుక వంకర అడ్డంగా వస్తుంది.

ఇక మన కృష్ణా డెల్టా వాతావరణం ఎలాంటిదో చూడండి. తయారీదారులు సాధారణంగా ఈ కాగితాన్ని 25 డిగ్రీల లోపు వేడిలో, గాలిలో తేమ సుమారు 45 నుంచి 65 శాతం ఉండే చోట దాచమంటారు. మన బెజవాడలో వైశాఖ జ్యేష్ఠ మాసాల్లో ఎండ 40 దాటి కాస్తుంది, వడగాలికి తలుపులు కూడా పగుళ్లిస్తాయి. ఆ వెంటనే తొలకరి పడుతుంది. అవే తలుపులు ఉబ్బి బిగుసుకుపోయి, భుజం పెట్టి తోస్తే గాని తెరుచుకోవు. బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు సముద్రపు గాలి వల్ల తేమ మరింత ఎక్కువ. దీనికి తోడు ఇప్పుడు మందుల షాపుల్లోనూ, ఆసుపత్రుల్లోనూ ఏ.సి. గదులు. ఆ చల్లని పొడిగాలిలో పుట్టిన బిల్లును మనం చెమట పట్టిన చొక్కా జేబులో పెట్టుకుని ఏలూరు రోడ్డు ఎండలోకి వస్తాం. ఇంటికి చేరేసరికి అది చుట్ట కాక ఏమవుతుంది?

తేమకు వంకరపోయే పత్రాలను సరిచేయడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. మన పూర్వులు గ్రంథాలు రాసిన తాటాకు కూడా వంకరపోయే వస్తువే. లేత ఆకును ఎంచి, ఎండబెట్టి, నీటిలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నునుపు చేసి, రెండు చెక్కల మధ్య బిగించి, రంధ్రం చేసి తాడు కట్టేవారు. ఆ చెక్కలే ఆకును వందల ఏళ్లు వంకర పోకుండా కాపాడాయి. ఇందులో మనకు పనికివచ్చే సూత్రాలు మూడున్నాయి: నీడ, బరువు, ఓర్పు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదివేల మంది దాకా ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం ముందు కాగితాల మాట చాలా చిన్నది. కాని బతికి బయటపడిన వారికి పొలం ఎవరిదో, పట్టా ఎవరిదో చెప్పేది ఆ కాగితాలే. తర్వాతి వారాల్లో తడిసిన రిజిస్టర్లు ఆరబెట్టే పనిలో నేనూ ఉన్నాను. మా రికార్డు కీపరు గారు ఒక్క పుస్తకాన్ని కూడా ఎండలో పెట్టనివ్వలేదు. ఎండలో పెట్టినవి పెంకుల్లా వంకరపోయి, విప్పబోతే విరిగిపోతాయని ఆయన అనేవారు. వరండాలో గాలి తగిలే చోట పరిచి, పేజీల మధ్య తెల్ల కాగితాలు మారుస్తూ, కాస్త ఆరిన తర్వాత బల్లచెక్కల కింద పెట్టించారు. కొన్ని అడంగళ్లు ఆ విధంగా మళ్లీ చదవడానికి వచ్చాయి. ఆ పద్ధతిలో తడి మాట మినహాయించి మిగిలినదంతా ఈనాటి రసీదుకు వర్తిస్తుంది.

థర్మల్ కాగితం మొదటిసారి నా బల్ల మీదికి వచ్చింది 1990లలో, ఫ్యాక్సు రూపంలో. అర్జంటు సందేశం చుట్టగా వచ్చి, బల్ల మీద పరిస్తే మళ్లీ చుట్టుకునేది. నాలుగు మూలలా నాలుగు పేపర్ వెయిట్లు పెట్టి చదివేవాళ్లం. అప్పట్లో మా సెక్షనులో ఒక నియమం ఉండేది. ఫ్యాక్సు వచ్చిన వెంటనే జెరాక్సు తీసి, ఆ జెరాక్సునే కరెంటు ఫైలులో ట్యాగు చేయాలి. అసలు ఫ్యాక్సును వెనుక కవరులో ఉంచాలి. రెండు మూడేళ్ల తర్వాత ఆడిటు వచ్చినప్పుడు కవరు తెరిచి చూస్తే పసుపుపచ్చని ఉత్త కాగితం ఉండేది. ఫైలులోని జెరాక్సు మాత్రం చెక్కు చెదరలేదు. మామూలు కాగితం మీద వచ్చే ఫ్యాక్సు యంత్రాలు వచ్చాక ఆ బాధ తప్పింది. ఆఫీసులకు తప్పిన బాధ ఇప్పుడు మన ఇళ్లకు వచ్చింది.

ఇక నేను కళ్లారా చూసిన రెండు సంగతులు చెబుతాను. పేర్లు అనవసరం. మన సభ్యుడొకరికి ఆపరేషను జరిగింది. మెడికల్ రీయింబర్స్‌మెంటుకు పెట్టుకోవాలని ఇంటివారు మందుల బిల్లులన్నీ ఒక డబ్బాలో వేశారు. డిశ్చార్జి అయ్యాక తీసి చూస్తే అన్నీ తమలపాకు చిలకల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. ఇంట్లో ఒక కుర్రవాడు, పాపం మంచి ఉద్దేశంతోనే, పాత నోట్లు సాపు చేసినట్లు ఇస్త్రీ పెట్టె పెట్టాడు. క్షణంలో బిల్లు బొగ్గులా నల్లబడింది. రకాన్ని బట్టి 60, 70 డిగ్రీల దగ్గర్లోనే ఈ కాగితం మసకబారడం మొదలవుతుంది. ఇస్త్రీ పెట్టె వేడి నూరు డిగ్రీలకు ఎంతో పైమాట. అతను భయపడి ఆపేసరికి మూడు బిల్లులు పోయాయి. మిగిలినవి బంకతో తెల్ల కాగితాల మీద అంటించి సమర్పించారు. ఫైలు ఆ సీటు నుంచి ఈ సీటుకు తిరిగేలోగా బంక తగిలిన చోట అక్షరాలు వెలిసిపోయాయి. “అస్పష్టంగా ఉన్నవి” అన్న రిమార్కుతో కాగితాలు వాపసు వచ్చాయి. మళ్లీ ఆ మందుల షాపు చుట్టూ తిరిగి, కంప్యూటరులోంచి డూప్లికేటు బిల్లులు తీయించి, సంతకాలు ముద్రలు వేయించేసరికి ఆ కుటుంబానికి నెలలు పట్టింది. కోలుకుంటున్న మనిషి మంచం మీద, ఇంటావిడ ఆటోల్లో.

రెండో సంగతి దీనికి ఎదురు. మరో మిత్రుడి భార్య, బడిపంతులుగా చేసిన ఆవిడ, భర్తకు ఇ.సి.జి. తీయించిన రోజే దాన్ని జెరాక్సు తీయించి, తేదీ వేసి, దాచిపెట్టింది. ఇ.సి.జి. కాగితం మీద చిన్న గడులుంటాయి. ఒక్కో చిన్న గడి ఒక మిల్లీమీటరు. పట్టీ మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది గనుక ఒక చిన్న గడి సెకనులో నూటికి నాలుగు వంతులు. డాక్టర్లు ఆ గడులు లెక్కపెట్టి గుండె నడక కొలుస్తారు. నాలుగేళ్ల తర్వాత ఆయనకు ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో కొత్త ఇ.సి.జి. చూసి డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న, “పాతది ఉందా?” అని. పాత అసలు పట్టీ చుట్టుకుపోయి, వెలిసిపోయి, గడులు మాత్రమే మిగిలాయి. జెరాక్సు మాత్రం స్పష్టంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఆ గీతలోని తేడా కొత్తగా వచ్చినది కాదు, నాలుగేళ్ల క్రితమే ఉన్నదని డాక్టరు గారు నిర్ధారించుకున్నారు. మిగతా పరీక్షలు కూడా చేసి రెండో రోజున ఇంటికి పంపించారు. ఆ జెరాక్సు ఖరీదు అప్పట్లో ఒక్క రూపాయి.

ఇప్పుడు ఆచరణలోకి వద్దాం. చుట్టుకున్న రసీదును చదును చేయడం ఎలా?

చుట్ట వంకరైతే, ఒక లావుపాటి డబ్బా, అంటే కాఫీపొడి డబ్బా అంతది తీసుకుని, కాగితాన్ని దాని ఒంపుకు ఎదురుగా వదులుగా చుట్టి పదిహేను నిమిషాలు ఉంచండి. బిగించవద్దు. తర్వాత రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన నిఘంటువులోనో భారతంలోనో రెండు మూడు రోజులు వదిలేయండి. తేమ వంకరైతే డబ్బా అవసరం లేదు. వాన వెలిసిన పొడి రోజున, నీడన, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఒక గంట ఉంచి, తర్వాత అదే విధంగా పుస్తకంలో పెట్టండి. వార్తాపత్రికల మధ్య మాత్రం పెట్టవద్దు, ఆ సిరాలోని నూనె పడదు. తడిచెయ్యి వేయడం, నోటి ఆవిరి పట్టడం, స్కేలు అంచుతో రుద్దడం, బల్ల అంచున లాగడం ఇవేవీ పనికిరావు. రాపిడి కూడా వేడే గదా.

చదునైన తర్వాత దాచడం. జేబులో, తోలు పర్సులో, స్కూటరు డిక్కీలో, కారు అద్దం దగ్గర, టీవీ మీద, వంటింటి గూట్లో ఉంచకూడదు. కిటికీ పక్క బల్ల అద్దం కింద అసలే వద్దు. మెత్తగా, వాసన వేస్తూ, కాగితానికి అతుక్కునే ప్లాస్టిక్కు కవర్లలో ఒక ద్రవం ఉంటుంది. అది మెల్లగా కాగితంలోకి దిగి అక్షరాన్ని తినేస్తుంది. మామూలు కాగితపు కవరే శ్రేష్ఠం. ఏ తేదీ బిల్లు, ఎంత మొత్తం అన్నది వెనుక వైపున పెన్సిలుతో తేలికగా రాసుకోండి. ఇది మన పాత డాకెట్ పద్ధతే. సెలోటేపు, బంక, రంగు గీతల పెన్నులు అక్షరం మీదికి రానివ్వకండి. లామినేషను చేయిస్తే శాశ్వతంగా ఉంటుందని కొందరు పొరబడతారు. ఆ యంత్రంలో ఉండేది వేడి రోలరు. కాగితం లోపలికి తెల్లగా వెళ్లి నల్లగా బయటికి వస్తుంది. చేతులకు శానిటైజరు రాసుకుని ఆరకముందే రసీదు పట్టుకోకండి, అందులోని స్పిరిటు అక్షరానికి చేటు.

జెరాక్సు తీయించేటప్పుడు ఒక జాగ్రత్త. చుట్టుకున్న పట్టీని పై ట్రేలోంచి యంత్రంలోకి లాగనివ్వకండి, ఇరుక్కుపోతుంది. అద్దం మీద పరిచి, పైన తెల్ల కాగితం వేసి తీయమనండి. అద్దం మీద పెడితే అసలు కాగితానికి వేడి తగలదు. చిన్న రసీదులు నాలుగైదు ఒకే పేజీలో వస్తాయి. సెల్‌ఫోను ఉన్న మనవళ్లు, మనవరాళ్లు ఉంటే అదే రోజు ఫోటో కూడా తీయించి, తేదీవారీగా ఉంచమనండి. వెలిసిపోయిన రసీదును కూడా ఫోటో తీసి నలుపు పెంచి చూస్తే కొన్నిసార్లు అంకెలు తేలతాయి. వెనుక నుంచి వేడి చూపిస్తే అక్షరం తిరిగి వస్తుందని విని ఎవరూ ప్రయత్నించకండి. కాగితమంతా నల్లబడితే ఉన్నదీ పోతుంది.

వీటన్నింటికంటే మంచి ఉపాయం మొదట్లోనే ఉంది. ఆసుపత్రిలో డిశ్చార్జి అయ్యేటప్పుడు, మందుల బిల్లులన్నీ కలిపి మామూలు తెల్ల కాగితం మీద, తేదీలవారీ వివరాలతో, సంతకం ముద్ర వేసి ఇవ్వమని అడగండి. వారి కంప్యూటరులో లెక్క ఆ రోజు ఉంటుంది. ఆరు నెలల తర్వాత అడిగితే ఎక్కడ వెతుకుతారు? వైద్య ఖర్చుల క్లెయిములకు ఒరిజినల్ బిల్లులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ అడుగుతారన్నది మీకు తెలిసినదే. ఒరిజినల్ సమర్పించే ముందు పూర్తి సెట్టు జెరాక్సు మన దగ్గర ఉండాలి. ఇది ఆఫీసు కాపీ. ఆఫీసు కాపీ లేకుండా డిస్పాచికి ఇవ్వడం మన సర్వీసులో ఎన్నడైనా చేశామా?

ఈ సభలో చిన్న షాపులు నడుపుతున్న మన సభ్యుల పిల్లలు కూడా ఉన్నారు. వారికి ఒక మాట. కాగితపు చుట్టలు కొన్నప్పుడు వాటి పైకవరు ముందే విప్పి వరసగా పేర్చకండి. వాడేముందే విప్పండి. ఏ.సి. గదిలోకి బయటి నుంచి తెస్తే కొన్ని గంటలు గదిలో ఉంచి తర్వాత యంత్రంలో పెట్టండి. మన గవర్నరుపేట ప్రెస్సుల్లో పాత పనివారు కాగితం రీములను ముందురోజే మిషను గదిలోకి చేర్చడం చూసే ఉంటారు, అది ఇందుకే. రెండేళ్ల సరుకు ఒకేసారి కొని వేసవిలో రేకుల షెడ్డులో దాచవద్దు. సన్నని గొట్టం ఉన్న చుట్టలకంటే లావు గొట్టం చుట్టలు తక్కువ వంకరపోతాయి. యంత్రంలో నలుపు అవసరానికి మించి పెంచవద్దు, ఎక్కువ వేడికి అక్షరం వైపున తేమ పోయి కాగితం మరింత ముడుచుకుంటుంది.

ఆరోగ్యం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ పూతలో చాలాకాలంగా వాడుతూ వచ్చిన పదార్థం పేరు బిస్ఫినాల్-ఎ. ఇది శరీరంలో హార్మోనుల పనికి అడ్డం తగులుతుందన్న కారణంతో యూరప్ దేశాల కూటమి 2020 జనవరి 2 నుంచి థర్మల్ కాగితంలో దీన్ని 0.02 శాతానికి పరిమితం చేసింది. భయపడవలసిన పని లేదు, అలవాట్లు మార్చుకుంటే చాలు. నోట్లు లెక్కపెడుతూ స్లిప్పును పళ్ల మధ్య పట్టుకోవడం మనలో చాలామందికి ఉంది. అది మానండి. చంటిపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. రసీదులు సర్దిన తర్వాత చేతులు కడుక్కుని అన్నానికి కూర్చోండి.

అన్నీ కంప్యూటరులోకి వచ్చేశాయి, ఇంకా కాగితమెందుకు అని పిల్లలు అడుగుతారు. నిజమే, 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి మనం బతికి ఉన్నామని వేలిముద్రతో నిరూపించుకునే సదుపాయం కలిగింది. సంతోషమే. కాని వేలిముద్ర పడని ముసలి వేళ్లు మనలో ఎన్ని లేవు? అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి. మన తర్వాత ఈ కాగితాలు వెతుక్కోవలసింది మన ఇంటివారు. ఏ కవరులో ఏముందో తెలియక, తెరిస్తే తెల్ల కాగితాలు కనబడితే, ఆ కష్టకాలంలో వారి పరిస్థితి ఏమిటి? ఫ్యామిలీ పెన్షను కోసం తిరుగుతున్న సోదరీమణులను మన సంఘం ఆఫీసులో నేను చూస్తూనే ఉన్నాను. భర్త బతికుండగా ఒక్క ఆదివారం ఇద్దరూ కూర్చుని కాగితాలు సర్దుకుని ఉంటే సగం తిరుగుడు తప్పేది.

సభ్యుల సౌకర్యార్థం ముఖ్యాంశాలు మళ్లీ చెబుతాను.

1. గోటితో గీసి చూడండి. గీత నల్లబడితే అది చెరిగిపోయే కాగితం.

2. బిల్లు, ఇ.సి.జి. చేతికి వచ్చిన రోజే జెరాక్సు తీయించి తేదీ వేయండి.

3. చుట్టుకుంటే తెల్ల కాగితాల మధ్య, బరువు కింద, నీడన రెండు మూడు రోజులు ఉంచండి.

4. ఇస్త్రీ, ఎండ, లామినేషను, బంక, టేపు, మెత్తని ప్లాస్టిక్కు కవరు, ఈ ఆరూ వద్దు.

5. ఆసుపత్రి బిల్లు తెల్ల కాగితం మీద సంతకం ముద్రతో అడిగి తీసుకోండి.

6. ఏ కవరు ఎక్కడుందో ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. మన సంఘ కార్యాలయంలో నెలకు ఒక రోజు, సభ్యులు తెచ్చుకున్న బిల్లులు, ఇ.సి.జి.లు నకలు తీసి ఇచ్చే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. కళ్లు సరిగా ఆనని వారికి, ఒంటరిగా ఉండే వారికి ఇది పెద్ద సాయం. ఆ రోజు బల్ల దగ్గర కూర్చుని బిల్లులు సర్ది, డాకెట్ రాసే పని నాకు అప్పగిస్తే ఓపిక ఉన్నంతకాలం చేస్తాను.